కాలిపోయిన ద్రాక్షతోటకి ఐదేళ్ల తర్వాత సాయం చేయొచ్చా?

ప్రశ్న:

నమస్కారమండీ. మేము ఫ్రీమాంట్‌లో ఉంటాం. అత్తగారూ మామగారూ కోనసీమ నుంచి వచ్చినప్పుడల్లా వాళ్లని కాలిఫోర్నియాలో వైన్‌కి పేరుపడ్డ నాపా లోయకి తీసుకెళ్లడం మాకు అలవాటు. సెయింట్ హెలీనా పైన స్ప్రింగ్ మౌంటెన్ మీద ఒక పెద్ద వయసు దంపతుల చిన్న వైనరీ ఉంది. మా మామగారు కొబ్బరి రైతు. వైన్ ముట్టరు, ఇంగ్లిష్ రాదు. అయినా ఆయనా, ఆ వైనరీ పెద్దాయనా ఓక్ చెట్టు కింద కూర్చుని మట్టి చేతిలోకి తీసుకుని గంటసేపు ఏదో మాట్లాడుకునేవారు. 2020లో గ్లాస్ ఫైర్ అనే కార్చిచ్చులో వాళ్ల భవనం, పీపాలు, పైవరసల తోట కాలిపోయాయి. అప్పుడు కోవిడ్, ఆ తర్వాత పిల్లల చదువులు, ఏదో ఒకటి అడ్డొచ్చి మేము వెళ్లలేదు. మొన్న వెళ్తే ఒక టెంట్ కింద బల్ల వేసుకుని కూర్చున్నారు. "ఇప్పుడు వైన్ ఉంది, మనుషులే దారి మర్చిపోయారు" అంది ఆవిడ. అమ్మేసి వెళ్లిపోదామా అని కూడా ఆలోచిస్తున్నారట.

స్నేహితులం కలిసి ఆన్‌లైన్‌లో చందాలు సేకరించే గోఫండ్‌మీలో 5,000 డాలర్లు పోగు చేసి ఇద్దామనుకుంటున్నాం. ఒక ఫ్రెండేమో అక్కడి వైన్‌కి పొగ వాసన ఉంటుంది, కొనొద్దంటున్నాడు. మా అత్తగారు ఫోన్‌లో విని "మందు అమ్మేవాళ్లకి చందాలేమిటమ్మా" అన్నారు. మా వారూ నేనూ ఏడాదికి నాలుగైదు గ్లాసులకి మించి తాగం. ఐదేళ్లు దాటింది. ఇప్పుడు సాయం అంటూ వెళ్తే బాగుంటుందా? వెళ్తే ఏం చేయాలి?

సమాధానం:

అమ్మా, మీ అసలు ప్రశ్నకి ముందే జవాబు చెప్పేస్తాను. ఆలస్యం కాలేదు. వాళ్లకి మనుషులు కావలసింది ఇప్పుడే. 2020లో మీరు వెయ్యి డాలర్లు చేతిలో పెట్టి వచ్చినా, ఈ ఏడాది నుంచి ఏటా ఒక కేసు, అంటే పన్నెండు సీసాల పెట్టె, చొప్పున కొన్నంత ఉపయోగం ఉండేది కాదు.

నేనుండేది శాంటా రోసాలో. చిన్న వైనరీలకి లెక్కలు రాసే పని చాలా ఏళ్లు చేశాను. 2017 అక్టోబర్ 8 రాత్రి కాలిస్టోగా దగ్గర అంటుకున్న టబ్స్ ఫైర్ తెల్లవారేలోపు మా ఊళ్లోకి వచ్చేసింది. 22 మంది చనిపోయారు, 5,600కి పైగా భవనాలు కాలిపోయాయి. మేమూ అర్ధరాత్రి దాటాక పాస్‌పోర్టులూ, మందుల డబ్బా పట్టుకుని కారెక్కాం. మా ఇల్లు మిగిలింది. నేను లెక్కలు చూసే ఒక కుటుంబానికి ఇల్లూ, వైనరీ రెండూ మిగల్లేదు. వాళ్ల పుస్తకాలు తర్వాత నాలుగేళ్లు నా చేతిలోనే ఉన్నాయి కాబట్టి ఏ ఏడాది ఏం జరుగుతుందో నాకు నెలల వారీగా తెలుసు.

కొండ మీద పండే కాబర్నే ద్రాక్షని సెప్టెంబర్, అక్టోబర్‌లలో కోస్తారు. రసం పులిసి వైన్ అయ్యాక ఓక్ పీపాల్లో ఏడాదిన్నర నుంచి రెండేళ్లు ఉంచుతారు. సీసాల్లో పోశాక ఇంకొన్ని నెలలు ఆపుతారు. ఇవాళ బల్ల మీద మీకు పోసేది దాదాపు మూడేళ్ల కిందటి పంట అన్నమాట. ఇప్పుడు మీరు చెప్పినవాళ్ల లెక్క చూద్దాం. 2020 సెప్టెంబర్ 27న గ్లాస్ ఫైర్ మొదలైంది. 67 వేల ఎకరాలు దాటి కాలింది. ఆ రోజుకి 2019 పంట వాళ్ల పీపాల్లో ఉండి ఉంటుంది, అది పోయింది. 2020 పంట తీగల మీదే ఉంది. ఆగస్టు 17న పిడుగులు పడి రేగిన మంటల పొగ అప్పటికే నెలన్నరగా లోయని వదల్లేదు, పైన ఇది. ఆ పంటా పోయింది. అయితే 2020లో వాళ్ల దగ్గర అమ్మడానికి అంతకుముందు సీసాల్లో పోసి వేరే గోడౌన్లలో దాచినది ఎంతో కొంత ఉండి ఉంటుంది. దేశమంతా వాళ్ల గురించి మాట్లాడుకున్న రోజులవి, ఆర్డర్లు కూడా వచ్చి ఉంటాయి. అసలు కరువు 2022, 2023లలో వచ్చింది. రెండు వరస పంటలు లేవు, అమ్మడానికి సీసా లేదు. వైనరీ నడిపే వైన్ క్లబ్బులో చేరి ఏటా సీసాలు తెప్పించుకునేవాళ్లు "మళ్లీ వైన్ వచ్చాక చెప్పండి" అని మర్యాదగానే తప్పుకుని ఉంటారు. మిగిలిన తీగల నుంచి 2021లో కోసిన పంట అమ్మకానికి వచ్చేసరికి 2024. అప్పటికి పాత కొనుగోలుదార్లు వేరేచోట అలవాటు పడిపోయారు. ఆవిడ మీతో అన్న మాటకి అర్థం ఇదీ.

ఇన్సూరెన్స్ ఉండదా అంటారేమో. ఉంటుంది. భవనానికి కొంత వస్తుంది, సామానుకి కొంత వస్తుంది. వ్యాపారం ఆగినందుకు ఇచ్చే డబ్బు మాత్రం చాలా పాలసీల్లో ఏడాదితో ఆగిపోతుంది. వైన్ వాళ్లకి ఆదాయం ఆగేది రెండో ఏడూ, మూడో ఏడూ. ఈ ఒక్క తేడా దగ్గర ఎంతమంది నలిగిపోయారో నేను చూశాను. తర్వాత చాలా కంపెనీలు ఆ కొండల మీద పాలసీలు ఇవ్వడమే మానేశాయి. 2021లో రాష్ట్రం చట్టం మార్చి, ఎక్కడా ఇన్సూరెన్స్ దొరకని పొలాల భవనాలకీ వైనరీలకీ ఆఖరి దిక్కుగా ఉండే ఫెయిర్ ప్లాన్ అనే ఇన్సూరెన్స్ నుంచి తీసుకునే వీలు కల్పించింది. దొరకడం దొరుకుతుంది కానీ ఖర్చెక్కువ, వచ్చే రక్షణ తక్కువ.

గోరుచుట్టు మీద రోకటి పోటులా ఇప్పుడు వైన్ గిరాకీ కూడా పడిపోయింది. 2024లో కాలిఫోర్నియాలో కొనేవాళ్లు లేక ద్రాక్షని తీగల మీదే వదిలేసిన తోటలు ఎన్నో. కొందరు తోటలే పీకేస్తున్నారు. పెద్ద కంపెనీలు తట్టుకుంటాయి. ఏడాదికి వెయ్యో, పదిహేను వందలో కేసులు చేసుకునే కుటుంబం మంటల నుంచి లేచి నిలబడే వేళకి ఇది వచ్చి పడింది.

మీ మామగారిని ఒక్కసారి అడగండి, 1996 నవంబర్ 6 తర్వాత ఏం జరిగిందని. మా అమ్మ పుట్టిల్లు అంబాజీపేట పక్కన. ఆ తుఫాను రాత్రికి మా మేనమామ తోటలో మూడొంతుల చెట్లు పడిపోయాయి. వారం తిరిగేసరికి బియ్యం, దుప్పట్లు, కిరోసిన్ బోలెడు వచ్చాయి. ఇచ్చినవాళ్లందరికీ దణ్ణం పెట్టాలి, ఆ పూటకి అవే ప్రాణం. కొత్త మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్లు. ఆ ఏడేళ్లలో ఎవరూ దుప్పటి తీసుకుని రాలేదు. మా మావయ్యని నిలబెట్టింది ఒక కొబ్బరికాయల షావుకారు. ఆయన చందా ఏమీ ఇవ్వలేదు. నిలబడ్డ చెట్లకి వచ్చే కాస్త కాయా ప్రతి దింపుకీ వచ్చి కొనేవాడు, మిగతా చోట్ల ఏ ధర ఉంటే ఆ ధరకే, బేరం లేకుండా. ఇంకో లారీ సరుకు వేరే ఊళ్లో సులువుగా దొరుకుతున్నా ఇక్కడికి రావడం మానలేదు. మావయ్య చివరిదాకా ఆయన పేరు తలుచుకునేవాడు. ఆ స్ప్రింగ్ మౌంటెన్ దంపతులకి మీరు అలాంటి షావుకారు కావాలి. నేను చెప్పదలచుకున్నది ఇదే, మిగతాదంతా దాన్ని ఎలా చేయాలో.

కాబట్టి గోఫండ్‌మీ ఆలోచన మానుకోండి. ఇల్లు కాలిన వారంలో అయితే నేనే పెట్టమనేదాన్ని. ఐదేళ్ల తర్వాత, వైన్ తయారుచేసి బల్ల మీద పెట్టుకుని కూర్చున్న మనిషికి చందా ఇస్తే ఆ పెద్దావిడ తీసుకుంటుందేమో కానీ లోపల చివుక్కుమంటుంది. పైగా మీరు పోగు చేసిన 5,000 ఒకసారి వచ్చి ఒక నెల ప్రీమియం కింద పోతుంది. అదే పోగు చేసే శ్రమ ఇలా మళ్లించండి. ఒక ఓక్ పీపా 225 లీటర్లు. దాంట్లోంచి దాదాపు 300 సీసాలు, అంటే 25 కేసులు వస్తాయి. మీ బంధువులు, ఆఫీసువాళ్లు, గేటెడ్ కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపు కలిపి 25 కుటుంబాలు వాళ్ల వైన్ క్లబ్బులో చేరి ఏడాదికి ఒక్కో కేసు తీసుకున్నారనుకోండి, వాళ్ల పీపా ఒకటి మీది. సీసా 60 డాలర్లనుకుంటే క్లబ్బు తగ్గింపు పోను కుటుంబానికి నెలకి 50, 55 డాలర్లు పడుతుంది. 25 మందివి కలిపితే ఏడాదికి 15 వేలు దాటుతుంది, పైఏడాది మళ్లీ వస్తుంది. ఏ నెలలో ఎంత వస్తుందో ముందే తెలిసిన డబ్బు చిన్న వ్యాపారానికి ఎంత ధైర్యమో లెక్కలు రాసినదాన్ని, నాకు తెలుసు. 25 కుదరకపోతే 6 కుటుంబాలు చాలు, మూడేళ్లు మానకుండా ఉంటే.

ఎక్కువ తాగమని నేను చెప్పడం లేదు, అది స్పష్టంగా అనుకోండి. మీకు ఏడాదికి నాలుగు గ్లాసులు చాలు, చాలనివ్వండి. కానీ గృహప్రవేశాలకి, పుట్టినరోజులకి, మేనేజర్‌కి క్రిస్మస్‌కి ఎలాగూ సీసాలు కొంటాం కదా. కాస్ట్‌కోలో ట్రాలీలో పడేసే ఆ సీసాల బదులు ఇవి కొనండి. ఊరికి వెళ్లేటప్పుడు డ్యూటీ ఫ్రీలో స్కాచ్ కొనే అన్నయ్యలకి కూడా చెప్పండి. ఇండియాలో దిగేవాళ్లకి మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేదు, 750 మిల్లీలీటర్ల సీసాలు రెండు నిశ్చింతగా పడతాయి. బట్టల మధ్య చుట్టి చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టాలి. మీ ఆఫీసు టీమ్‌కి దీపావళికో, సెలవులకో గిఫ్టులు కొనే బాధ్యత ఎవరిదో కనుక్కోండి. ఒక్క టీమ్ ఆర్డర్ వాళ్లకి ఒక నెల అమ్మకంతో సమానం కావచ్చు.

కొనేది మాత్రం వాళ్ల దగ్గరే కొనండి. దుకాణంలో 60 డాలర్లకి అమ్మే సీసాకి డిస్ట్రిబ్యూటర్, దుకాణం వాటాలు పోను వైనరీకి సగం దక్కితే గొప్ప. నేరుగా కొంటే అంతా వాళ్లదే. ధర తగ్గించమని అడగకండి. క్లబ్బు తగ్గింపు వాళ్లే ఇస్తారు, అది చాలు. వేరే రాష్ట్రాల్లో ఉన్న మీ చెల్లెళ్లకీ తమ్ముళ్లకీ పంపించొచ్చు కానీ రెండు విషయాలు గుర్తుంచుకోండి. డెలివరీ రోజు 21 ఏళ్లు దాటిన మనిషి ఇంట్లో ఉండి సంతకం పెట్టాలి. యూటా లాంటి చోట్లకి పంపడం కుదరదు. ఎండాకాలంలో పంపమని తొందర పెట్టకండి, ట్రక్కులో వేడికి వైన్ పాడవుతుంది. మీరే పోస్టాఫీసుకి పట్టుకెళ్లి పంపుదామనుకుంటే అదీ కుదరదు, అమెరికా తపాలాలో మద్యం పంపడం నిషేధం.

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన పొగ సంగతి. ఆయన చెప్పేది పూర్తిగా అబద్ధం కాదు, కానీ సగమే తెలిసి చెప్తున్నారు. ఆ సగం వల్లే అక్కడి చిన్నవాళ్లకి చాలా నష్టం జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

జులై, ఆగస్టుల్లో పచ్చగా ఉన్న కాయ నల్లగా రంగు తిరుగుతుంది. అక్కడి నుంచి కోత దాకా పొగ పట్టే కాలం. పొగలో ఉండే గ్వాయకాల్ లాంటి పదార్థాలు తొక్కలోంచి లోపలికి దిగి కాయలోని చక్కెరతో ముడిపడిపోతాయి. అలా ముడిపడ్డాక కాయ కొరికితే ఏమీ తెలియదు, తియ్యగానే ఉంటుంది. రసం పులిసేటప్పుడు ఆ ముడి కొంచెం కొంచెంగా విడుతుంది, సీసాలో ఏళ్లు గడిచేకొద్దీ ఇంకొంత విడుతుంది, ఆఖరికి తాగేవాడి నోట్లో లాలాజలం తగిలి కూడా విడుతుంది. అందుకే మొదటి గుక్క బాగుంటుంది, మింగిన పది క్షణాలకి నాలుక వెనకాల చల్లారిన పొయ్యి బూడిద రుచి వస్తుంది. 2020 సెప్టెంబర్‌లో నేను లెక్కలు రాసే ఒకచోట గారేజీలో వరసగా ప్లాస్టిక్ బకెట్లు పెట్టారు. ఒక్కో బకెట్‌లో ఒక్కో వరస నుంచి కోసిన ద్రాక్ష నలిపి, ఈస్టు కలిపి, పైన గుడ్డ కప్పారు. ల్యాబుల్లో పరీక్షకి వారాల తరబడి వరస ఉంది, కోత ఆగదు. అందుకని వారం రోజులు పులియనిచ్చి వాళ్లే రుచి చూసుకోవడం. ఆ ఇంటి కూతురు ఒక్కో బకెట్ దగ్గరా వంగి, గరిటెతో తీసుకుని, నోట్లో పోసుకుని, ఉమ్మేసి, నీళ్లతో పుక్కిలించి పలకమీద గీత పెట్టేది. పదకొండు బకెట్లలో తొమ్మిదింటికి గీత పడింది. ఆ తొమ్మిది వరసల ద్రాక్షా తీగ మీదే వదిలేశారు. పొగ వాసన వచ్చే వైన్ అమ్మి పేరు పోగొట్టుకోవడం కన్నా ఏడాది పస్తుండడం నయమని వాళ్లు అనుకున్నారు. నాపాలో చాలామంది 2020 కాబర్నే అసలు చేయకపోవడానికి కారణం అదే.

మీ ఫ్రెండ్‌కి తెలియని సగం ఇదీ. ఆ పొగ పైఏడాది కాయలోకి రాదు. తీగ దాన్ని దాచుకోదు, ఆస్ట్రేలియాలో ఏళ్ల తరబడి పరీక్షలు చేసి తేల్చిన విషయం. 2021, 2022, 2023 పంటలకి గ్లాస్ ఫైర్‌తో సంబంధం లేదు. వాళ్ల బల్ల మీద ఉన్నది ఆ పంటలే. ఒకవేళ 2020 అని రాసి ఉన్న సీసా కనిపిస్తే, అది తెల్ల వైనో, లేత గులాబీ రంగు రోజే వైనో అయి ఉండొచ్చు. వాటికి తొక్కలతో పులియబెట్టడం ఉండదు, రసం వెంటనే పిండేస్తారు కాబట్టి పొగ తక్కువ దిగుతుంది. "దీనికి పొగ తగిలిందా" అని మర్యాదగా అడగండి. అడిగితే ఏమీ అనుకోరు, నిజం చెప్తారు. కొంటే మాత్రం దాచిపెట్టకుండా త్వరగా తాగేయాల్సిన రకం అది.

మీ అత్తగారి మాట. ఆవిడని తప్పు పట్టకండి. మన ఊళ్లలో మందు ఎన్ని సంసారాలు కూల్చిందో చూసిన తరం. ఆవిడకి వాదన చెప్పొద్దు. ఫోన్‌లో ఆ తోట ఫోటోలు చూపించండి. మంటలు తోట మధ్యకి సాధారణంగా పోవు, పచ్చి తీగలో నీరు ఉంటుంది. అడవి ఆనుకున్న అంచు వరసలు మాడతాయి. ఆ వరసల్లో డ్రిప్ గొట్టాలు కరిగిపోయి తీగె మీద నల్లటి దారాల్లా వేలాడతాయి, గుంజలు మొదలంటా బొగ్గవుతాయి. అవన్నీ పీకి, నేల దున్ని, నర్సరీలో ముందే ఆర్డర్ పెట్టుకున్న మొక్కలు తెచ్చి నాటితే మూడో ఏడు తొలికాపు, సరైన పంటకి ఐదో ఏడు. కొబ్బరి రైతు భార్యకి ఇది మీరు వివరించక్కర్లేదు. అప్పటికీ ఆవిడ మనసు ఒప్పుకోకపోతే ఆవిడ పేరు మీద వైన్ కొనకండి. చాలా చిన్న తోటలు ఆలివ్ నూనె, తేనె, ద్రాక్ష జామ్ అమ్ముతాయి. కొన్నిచోట్ల వెర్జూ అని దొరుకుతుంది, రంగు తిరగకముందు తీసేసిన పచ్చి ద్రాక్షకాయల పుల్లటి రసం. దాంట్లో మద్యం ఉండదు. మామిడికాయ దొరకని రోజుల్లో పప్పులో రెండు చెంచాలు వేసి చూడండి. నేను వేస్తాను, బాగుంటుంది.

వెళ్లేటప్పుడు మాత్రం కొన్ని జాగ్రత్తలు. మనవాళ్ల మీద ప్రేమతోనే చెప్తున్నాను. నాపా కొండల మీద చిన్న వైనరీలకి అపాయింట్‌మెంట్ ఉంటేనే వెళ్లాలి, రోజుకి ఎంతమంది రావచ్చో పర్మిట్‌లో ఉంటుంది. పది మందిమి వెళ్లి నాలుగు టేస్టింగులు (డబ్బు కట్టి వైన్ రుచి చూడడం) తీసుకుని పంచుకోవడం వాళ్లకి బరువు. తాగని పెద్దవాళ్లకి కూడా సీటు డబ్బు కట్టండి, లేదా ఆ మేరకి నూనె సీసాలు కొనండి. పులిహోర డబ్బాలు తీసుకెళ్లాలనిపిస్తే ముందు అడగండి, కొన్నిచోట్ల బయటి తిండికి అనుమతి ఉండదు. శని, ఆదివారాల్లో కాకుండా మంగళవారమో బుధవారమో వెళ్తే ఆ పెద్దాయనకి మీ మామగారితో కూర్చునే తీరిక ఉంటుంది. ఇంకోటి, వెళ్లగానే "అయ్యో, ఎంత కాలిపోయిందో" అని మొదలెట్టకండి. ఐదేళ్లుగా వచ్చిన ప్రతివాళ్లకీ ఆ కథ చెప్పి చెప్పి అలిసిపోయి ఉంటారు. వాళ్లు చెప్తే వినండి.

మీరిద్దరూ సాఫ్ట్‌వేర్ వాళ్లే అయితే ఆ చేతులకి కూడా పని ఉంది. యాప్ తయారుచేస్తాం అనకండి, వాళ్లకి దాన్ని నడిపే మనిషి లేడు. ఇప్పుడున్న వెబ్‌సైట్‌లో ఆర్డర్ పేజీ ఫోన్‌లో తెరుచుకుంటోందా, పాత ఫోటోలు తీసేసి ఇవాళ్టి తోట ఫోటోలు పెట్టొచ్చా, పాత కొనుగోలుదార్ల ఈమెయిల్స్ ఎక్కడైనా మిగిలాయా, ఇలాంటివి చూడండి. "మళ్లీ వైన్ ఉంది, రండి" అని ఆవిడ చేత నాలుగు వాక్యాలు రాయించి ఆ పాతవాళ్లకి పంపించగలిగితే మీ 5,000 డాలర్లకి పదింతలు చేసినట్టు. ఇంకా ముఖ్యమైనది ఇప్పుడున్న సామాను జాబితా. 2017లో ఇల్లూ వైనరీ కాలిపోయిందన్న కుటుంబం ఆవిడ మా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. ఇన్సూరెన్స్ వాళ్లు కాలిపోయిన ప్రతి వస్తువూ రాసివ్వమన్నారు, ఎప్పుడు కొన్నది, ఎంతకి కొన్నది. పంపులు, గొట్టాలు, ట్యాంకులు గుర్తున్నాయి. "గ్లాసులు ఎన్ని ఉండేవి?" అని నేను అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టడం మొదలెట్టింది. అలమరా రెండో అరలో అమ్మ ఇచ్చిన ఆరు గ్లాసులు అని చెప్తూ ఆగిపోయింది. ఆ రోజు ఇంక రాయలేదు మేము. ఆ జాబితా పూర్తి చేయడానికి పదకొండు వారాలు పట్టింది. మీరు ఒక మధ్యాహ్నం ఫోన్ పట్టుకుని ఆ టెంట్, షెడ్డు, యంత్రాలు, వాటి నంబర్లు అన్నీ వీడియో తీసి, క్లౌడ్‌లో పెట్టి ఇచ్చి రండి. మళ్లీ మంటలు రాకూడదనే కోరుకుందాం, కానీ ఆ కొండల మీద రావని ఎవరూ చెప్పలేరు.

చందా ఇవ్వాలనే మనసు మీ స్నేహితుల్లో కొందరికి గట్టిగా ఉంటే, దాన్ని తోట కూలీల వైపు మళ్లించండి. కోత పోయిన ఏడాది వాళ్లకి కూలి పోయింది, చాలామందికి ప్రభుత్వ సాయం అందుకునే కాగితాలు లేవు. సోనోమాలో 2017 మంటల తర్వాత అలాంటివాళ్ల కోసమే మొదలైన అన్‌డాక్యుఫండ్ ఉంది, నాపాలో నాపా వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్ ఉంది. మీ కంపెనీలు ఉద్యోగుల విరాళానికి సమానంగా తామూ ఇచ్చే పద్ధతి పెట్టి ఉంటే, అది నమోదైన స్వచ్ఛంద సంస్థలకే వర్తిస్తుంది, వైనరీకి వర్తించదు. అందుకే వైనరీ దగ్గర కొనండి, విరాళం ఇక్కడ ఇవ్వండి.

అమ్మేయాలా వద్దా అన్నది వాళ్ల నిర్ణయం. దాని మీద ఏమీ అనకండి. డెబ్బై దాటిన మనుషులు, పిల్లలు వేరే ఊళ్లలో ఉండి ఉంటారు, మోయలేక దింపుకుంటే అందులో తప్పేం లేదు. అమ్మాల్సి వచ్చినా, ఏటా వచ్చి కొనే నమ్మకమైన ఖాతాదార్లు ఉన్న వైనరీకి ఒక ధర, టెంట్ కింద ఖాళీ బల్లకి ఒక ధర. మీరు చేసేది ఎటు చూసినా వృథా పోదు.

ఈ వారంలోనే ఫోన్ చేయండి. మీ పేరు గుర్తుండకపోవచ్చు, మట్టి చేతిలోకి తీసుకునే ఆ ఇండియా రైతు కోడల్ని అని చెప్పండి. ముందు మీ ఇంటికి ఒక కేసు ఆర్డర్ పెట్టి, ఆ తర్వాత క్లబ్బు సంగతి అడగండి. మామగారు మళ్లీ వచ్చేది వేసవిలో అయితే టికెట్లు మే నెలకి తీసుకోండి. అప్పుడు ద్రాక్ష పూతకొస్తుంది. పువ్వు చాలా చిన్నగా ఉంటుంది, దగ్గరికి వంగితే తప్ప కనపడదు. కాలిన పైవరసల్లో కొత్తగా నాటిన తీగలు ఉంటే ఆయన్ని అక్కడికి తీసుకెళ్లమని ఆ పెద్దాయన్ని అడగండి, మీరు మాత్రం వెంట వెళ్లకుండా కిందే ఉండండి.